మూడెకరాలూ మక్కే వేస్తానంటున్న అల్లుడికి

అల్లుడూ,

పట్నం నౌకరీ వదిలేసి వ్యవసాయం చేస్తానన్నావు, సంతోషం. ఉన్న మూడెకరాలూ మక్కే వేస్తానన్నావు చూడు, అదే నాకు నచ్చలేదు. రెండెకరాల్లో మక్క వేసి, సాళ్ల మధ్య కంది పెట్టు. మిగిలిన ఎకరం ఇంటి తిండికి ఉంచు. మా చిన్నప్పుడు మక్క గటకే మా అన్నం. ఇప్పుడు మన మక్కలు కోళ్ల దాణాకు, ఇథనాల్‌కు పోతున్నాయి, మనం పప్పు కొనుక్కుంటున్నాం. ధర పడిన ఏడాది ఆ పప్పు కూడా అప్పు మీదే వస్తుంది.

మక్కను తినే కత్తెర పురుగు 2018లో మన దేశంలోకి వచ్చింది, ఇక పోలేదు. మొలిచిన పదో రోజు నుంచే పొద్దున్నే చేనంతా తిరుగు. ఆకుల మీద గుడ్ల కుప్ప కనిపిస్తే చేత్తో నలిపేయి. మొక్క నడిమి ఆకుల సుడిలో రంపపు పొట్టులాంటిది కనిపించిందంటే పురుగు లోపలికి దిగినట్టే. అప్పుడు ఆకుల మీద పైపైన కొడితే మందు దండగ, సుడిలోకే పడేలా కొట్టాలి. ఏ మందు, ఎంత మోతాదు అన్నది మన వ్యవసాయ విస్తరణ అధికారి ఏఈవోను అడుగు, దుకాణం వాడిని కాదు.

నీళ్లు తక్కువైతే ముందు ఎలాగో సర్దుకో. మొక్క తలన జల్లు పూత, కంకికి పీచు వచ్చే రోజుల్లో మాత్రం తడి తప్పొద్దు.

నేను బాగా నష్టపోయింది కల్లంలోనే. ఒక ఏడు మబ్బు పట్టిందని టెన్షన్ పడి, పచ్చి మక్కలనే ఊళ్లోకి వచ్చిన వ్యాపారికి ఇచ్చేశాను. తేమ అని ధర కోశాడు, తరుగు అని తూకంలో కోశాడు. 2025-26కు మద్దతు ధర క్వింటాలుకు 2,400 రూపాయలు. కానీ తేమ 14 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. అందుకే విత్తనాల కంటే ముందు టార్పాలిన్లు కొను. నవ్వకు! గింజ మొదట్లో నల్లచార కనిపించాకే కంకి విరువు. ఏ పంట వేశావో సర్కారు లెక్కలో రాయించే పంట నమోదు కూడా మరిచిపోకు. బూజు పట్టిన మక్కలుంటే బర్రెకు కూడా పెట్టకు.

అడవి పందుల సంగతి వచ్చాక మాట్లాడదాం, అది ఉత్తరంలో తేలేది కాదు. ఆదివారం నేనూ మీ అత్తమ్మా వస్తున్నాం. నా దగ్గర రెండు టార్పాలిన్లున్నాయి, తెస్తాను. ఒకదానికి మూలన చిరుగుంది, కుట్టించుకో.

మీ మామ