చివరి మూడు రాత్రులు కాష్‌లోనా, పాముక్కలేలోనా?

ప్రశ్న: సెప్టెంబర్ చివర్లో నేను, మావారు, మా అత్తయ్య (68) అంతల్యాలో కారు అద్దెకు తీసుకుని టర్కీ తీరం వెంట పడమటికి వెళ్తున్నాం. కాష్ అనే తీరపు ఊరు చేరేసరికి మూడు రాత్రులు మిగులుతాయి. నాలుగో రోజు సాయంత్రం దలమాన్‌లో విమానం. ఈలోపు తెల్లటి సున్నపురాతి మెట్లున్న పాముక్కలే, పురాతన నగర శిథిలాలున్న ఎఫెసస్ కూడా చూసేద్దామంటారు మావారు. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు, పైగా శాకాహారి. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఆ రెండూ ఈసారికి వదిలేయండమ్మా. కాష్ దాటాక వచ్చే తీరపట్టణం ఫెథియే నుంచి పాముక్కలేకి కారులో మూడు గంటలకు తక్కువ పట్టదు. ఎఫెసస్ ఇంకా దూరం. అలా వెళ్తే చివరి రోజులన్నీ మీవారికి స్టీరింగ్ దగ్గర, అత్తయ్యకు వెనక సీట్లో గడిచిపోతాయి. అవి గొప్ప చోట్లే, కాదనను. వాటికోసం ఇంకోసారి ఇజ్మీర్‌లో దిగండి. సముద్రం కోసం బయల్దేరినవాళ్లు, ఆ సముద్రం అన్నిటికన్నా బాగుండే చోట దాన్ని వదిలేసి లోపలికి పోవడం నాకు మనసొప్పదు. కాష్‌లో రెండు రాత్రులు, ఫెథియేలో ఒకటి ఉండండి.

కాష్‌లో ఒక రోజు పడవకి ఇవ్వండి. తూర్పున ఉచాజ్ అనే పల్లె ఉంది, కారులో గంటలోపే చేరతారు. అక్కడ చిన్న పడవ మాట్లాడుకుంటే కెకోవా దీవి అంచున తిప్పుతారు. రెండో శతాబ్దంలో వచ్చిన భూకంపాలకు అక్కడి పాత ఊరు సగం నీళ్లలోకి దిగిపోయింది. మెట్లు, గోడలు నీటి కింద కనిపిస్తూనే ఉంటాయి. ఆ శిథిలాల దగ్గర ఈత నిషేధం. పడవ నడిపేవాళ్లు ఈతకు వేరే చోట ఆపుతారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఈ తీరంలో ఇంతకన్నా మంచి రోజు దొరకదు. కూర్చున్నచోటికే అన్నీ వస్తాయి. ఎదురుగా కొండ మీద సిమెనా కోట ఉంటుంది, ఎక్కాలనుంటే మీరిద్దరే ఎక్కిరండి.

మూడో రోజు ఫెథియేకి బయల్దేరేటప్పుడు పొద్దున్నే కదలండి. మధ్యాహ్నం దాటితే ఎండ నేరుగా డ్రైవర్ కళ్లలో పడుతుంది. కాష్ నుంచి కల్కాన్ దాకా రోడ్డు కొండను తొలిచి వేసింది, అన్నీ మలుపులే. అక్కడ కుడివైపు నడపాలి కాబట్టి మీ కారు కొండ పక్కన ఉంటుంది, సముద్రం ఎడమవైపు ఉంటుంది. ఫొటో కోసమని మలుపులో ఎదుటి లేన్ దాటి అటు ఆపొద్దని మీవారికి గట్టిగా చెప్పండి. కపుతాష్ బీచ్‌కి దాదాపు రెండొందల మెట్లు దిగాలి. అత్తయ్యకు పైనుంచి చూపించండి. ఆ నీలం రంగు పైనుంచే బాగా తెలుస్తుంది.

తర్వాత పతారా. ఇసుక తీరం పది కిలోమీటర్లకు పైనే ఉంటుంది, దాని వెనుక ఒక హోటల్ కూడా లేదు. మన విశాఖ, శ్రీకాకుళం తీరాలకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు వచ్చినట్టే ఇక్కడికి లాగర్‌హెడ్ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. అందుకే ఆ కాలంలో రాత్రిపూట బీచ్ మూసేస్తారు. దారిలోనే, పూర్వం లిషియా అని పిలిచిన ఈ ప్రాంతపు నగరాల సమాఖ్య సభ జరిగిన రాతి మందిరం ఉంది, పునరుద్ధరించారు. కారు దగ్గర్నుంచి పెద్దగా నడవక్కర్లేదు.

ఇక లిషియా వాళ్ల పాత నగరం జాంథోస్. నన్నడిగితే ఈ దారిలో తప్పనిసరిగా ఆగాల్సిన చోటు ఇదే. 1988లోనే యునెస్కో జాబితాలో చేరింది. కానీ ఇక్కడి నీరీడ్ స్మారకం అనే గుడిలాంటి సమాధి ఇక్కడ లేదు. 1840లలో బ్రిటిష్ యాత్రికుడు చార్లెస్ ఫెలోస్ ఊడదీయించి ఓడల్లో లండన్ పంపించాడు. హార్పీ సమాధి స్తంభం మాత్రం నిలబడే ఉంది, దాని మీదున్నవి నకలు ఫలకాలు. అసలువి మన అమరావతి స్తూపం ఫలకాలున్న ఆ బ్రిటిష్ మ్యూజియంలోనే ఉన్నాయి. బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ అమరావతిలో తవ్వించింది కూడా 1845లోనే. మొండి పునాదుల ముందు నిలబడితే నాకు అమరావతి దిబ్బే కళ్లముందుకొచ్చింది. చాలా బాధేసింది. మీ అత్తయ్యకు ఈ కథ అక్కడే చెప్పండి.

ఫెథియేలో చివరి పూటకి బాబాదా కొండ చాలు. 1,900 మీటర్లకు పైన ఎత్తు, కేబుల్ కార్ ఉంది. కింద ఒలుదెనిజ్ మడుగు మొత్తం కనిపిస్తుంది. గాలి ఎక్కువగా ఉంటే ఆపేస్తారు కాబట్టి పొద్దున్నే కనుక్కోండి. పక్కనే కయాకోయ్ ఉంది. 1923లో గ్రీస్, టర్కీల మధ్య జరిగిన జనాభా మార్పిడిలో గ్రీకులు ఖాళీ చేసి వెళ్లిన ఊరు, కప్పుల్లేని రాతి ఇళ్లు కొండంతా పరుచుకుని ఉంటాయి. అంతా ఎక్కుడే. అత్తయ్య కింద టీ దుకాణంలో కూర్చోవచ్చు.

తిండికి టెన్షన్ పడకండి. పెరుగు, మజ్జిగలాంటి అయ్‌రాన్, ఆలివ్ నూనెలో వండి చల్లగా పెట్టే వంకాయ, బీన్స్ కూరలు, పాలకూరో చీజో పెట్టి కాల్చే గోజ్లెమె ఎక్కడైనా దొరుకుతాయి. పప్పు సూప్, పిలాఫ్ అనే అన్నం మాత్రం అడిగాకే తినాలి. వాటిని మాంసం ఉడికించిన నీళ్లతో చేసేవాళ్లున్నారు.

విమానానికి నాలుగు గంటల ముందే ఫెథియే వదలండి. దారిలో గోజెక్ సొరంగం దగ్గర టోల్ ఉంది. కారు తిరిగిచ్చేముందు చుట్టూ వీడియో తీయండి, తీసుకున్న రోజూ తీయండి. మా అమ్మతో వెళ్లినప్పుడు చక్రం రిమ్ మీద గీత ఉందని డబ్బు కట్టమన్నారు. మొదటి రోజు వీడియో చూపించాకే ఊరుకున్నారు.

ప్రశ్న: కాష్ ఎదురుగా గ్రీకు దీవి మెయిస్ ఉందట. ఒక పూట వెళ్లిరావచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఫెర్రీలో అరగంట కూడా పట్టదు. కానీ అది గ్రీస్, మన పాస్‌పోర్టుకి షెంగెన్ వీసా ఉండాలి. అదున్నా ఇంకో చిక్కుంది. అమెరికా, బ్రిటన్, ఐర్లాండ్ లేదా షెంగెన్ వీసా చూపించి మనవాళ్లు తీసుకునే టర్కీ ఈ-వీసా ఒక్కసారి ప్రవేశానికే పనికొస్తుంది. దీవికి వెళ్లారంటే టర్కీ వదిలినట్టే లెక్క. సాయంత్రం కాష్‌లో దిగాలంటే మళ్లీ వీసా కావాలి, మీ సామాను, కారు మాత్రం ఇటే ఉంటాయి. ఫెర్రీ టికెట్ కొనేముందే ఆ సంగతి తేల్చుకోండి.