షోరూమ్ ఉద్యోగం మానేయాలా? ముందు గంటల లెక్క, సుట్టీల లెక్క చూడండి

ప్రశ్న: మాది చంద్రపూర్ జిల్లా రాజురా. మా అమ్మాయి బీకాం అయిపోయాక ఏడాదిన్నరగా చంద్రపూర్‌లో ఒక బట్టల షోరూమ్‌లో చేస్తోంది. మొత్తం 22 మంది స్టాఫ్. పగార్ 11,500. పొద్దున 10 నుంచి రాత్రి 9 దాకా డ్యూటీ, మధ్యలో గంట తిండికి. వారం సుట్టీ నెలకు రెండుసార్లయినా క్యాన్సిల్ చేస్తారు. పోయినేడు సద్దుల బతుకమ్మకు కూడా పంపలేదు. ఇప్పుడు బల్లార్షాలో ఒక సూపర్ మార్కెట్ వాళ్లు 10,000కు, ఎనిమిది గంటల షిఫ్టుకు రమ్మంటున్నారు, సోమవారం సుట్టీ ఖాయమట, అక్కడ పనిచేసేది ఎనిమిది మందే. వాళ్ల నాన్న రెండూ వద్దు, ఇంట్లో కూర్చుని సర్కారు పరీక్షలకు చదువుకో అంటున్నారు. బిడ్డకేమో పని మానడం ఇష్టం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీరు 11,500కీ 10,000కీ మధ్య తేడా చూస్తున్నారు, ఆ తేడా నిజంగా 1,500 కాదు. ఒక కాగితం తీసుకుని ఇద్దరూ కూర్చుని లెక్క వేయండి. ఇప్పుడు మీ అమ్మాయి నెలకు 28 రోజులు, రోజుకు పది గంటలు నిలబడుతోంది, అంటే 280 గంటలు. 11,500ను దాంతో భాగిస్తే గంటకు 41 రూపాయలు. బల్లార్షాలో 26 రోజులు, ఎనిమిదేసి గంటలు, మొత్తం 208. గంటకు 48 పడుతుంది. పైగా బల్లార్షా మీకు దగ్గర, చంద్రపూర్ దాకా రోజూ పెట్టే బస్సు ఖర్చులో కొంత మిగులుతుంది, రాత్రి తొమ్మిది తర్వాత బస్టాండ్‌లో నిలబడే టెన్షన్ తగ్గుతుంది. ఎవరైనా ఉద్యోగం గురించి చెప్పినప్పుడు పగార్ ఎంత అని అడగడం మనకు అలవాటు, ఎన్ని గంటలకు, ఎన్ని రోజులకు అని రెండో ప్రశ్న వేయం. షాపుల్లో పనిచేసే మన పిల్లలు ఎక్కువగా నష్టపోయేది అక్కడే.

అయినా వెంటనే బల్లార్షాకు వెళ్లిపొమ్మని నేను అనను. ఎందుకంటే ఇప్పుడున్న షాపులో మీ అమ్మాయికి రావలసినవి చాలా ఉన్నాయి, అవి ఇంతవరకూ ఎవరూ అడిగినట్టు లేదు.

మహారాష్ట్రలో షాపులకు 2017లో కొత్త చట్టం వచ్చింది. దాని ప్రకారం పని రోజుకు తొమ్మిది గంటలు, వారానికి 48 గంటలు, అది దాటితే ప్రతి గంటకూ రెట్టింపు డబ్బు ఇవ్వాలి. 2025 సెప్టెంబర్‌లో రాష్ట్ర మంత్రివర్గం రోజుకు తొమ్మిది గంటలను పది చేయడానికి, ఈ చట్టాన్ని 20 మంది, అంతకు మించి ఉన్న షాపులకే పరిమితం చేయడానికి ఒప్పుకుంది, అందుకే సేఠ్ "పది గంటలు ఇప్పుడు లీగలే కదా" అనవచ్చు. అన్నా తడబడొద్దని చెప్పండి. వారానికి 48 గంటలు అనే హద్దు మారలేదు, ఆరు రోజులు పదేసి గంటలు చేస్తే 60 అవుతుంది. అంటే ప్రతి వారం 12 గంటలు ఓవర్‌టైమ్. మామూలు గంట రేటు 55 అనుకుంటే (11,500ను 208తో భాగించండి) రెట్టింపు 110, వారానికి 1,320, నెలకు 5,000 పైనే. ఈ డబ్బు మీ అమ్మాయి పగార్‌లో ఎక్కడా కనిపించడం లేదు. మీ షాపులో 22 మంది ఉన్నారు కాబట్టి పాత హద్దు (పది మంది) ప్రకారం చూసినా కొత్త హద్దు (20 మంది) ప్రకారం చూసినా చట్టం వర్తిస్తుంది.

ఇక సుట్టీలు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఈ సంగతే. ఇదే చట్టంలో ఏడాదికి ఎనిమిది పండుగ సెలవులు పగార్‌తో సహా ఉన్నాయి. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబర్ 2, ఈ నాలుగూ ఖాయం. మిగతా నాలుగు ఏవన్నది ఏడాది మొదలవక ముందే యజమాని, పనివాళ్లు మాట్లాడుకుని తేల్చుకోవాలి. ఇవి కాక ఎనిమిది క్యాజువల్ లీవులు. ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాళ్లకు ప్రతి 20 రోజుల పనికి ఒక రోజు చొప్పున మరో సెలవు వస్తుంది, అది జమ కూడా అవుతుంది. వారం సుట్టీ రోజు పనికి పిలిస్తే దానికి బదులు సెలవు రెండు నెలల్లోపు ఇవ్వాలి. నెలకు రెండు సుట్టీలు పోతున్నాయంటే ఏడాదిన్నరలో ఎన్ని రోజులు ఆ పిల్ల చేతినుంచి జారిపోయాయో చూడండి.

ఆ నాలుగు పండుగల మాట ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, చాలా షాపుల్లో ఆ మాట ఎత్తేవాళ్లే ఉండరు, డిసెంబర్‌లో ఎవరూ కూర్చోరు, తీరా పండుగ ముందు రోజు సాయంత్రం మేనేజర్ దగ్గర చేతులు కట్టుకుని నిలబడతారు. అప్పుడు అడిగితే ఎవరైనా కాదనే అంటారు, బట్టల షాపుకు దసరా నుంచి దీపావళి దాకా ఉన్న గిరాకీ ఏడాదంతా ఉండదు, అది వాళ్ల వైపు నుంచి నిజమే. మీ అమ్మాయి చేయవలసిన పని ఇదీ: స్టాఫ్‌లో ఎవరికి ఏ రోజు ముఖ్యమో ఒక పట్టీ రాయించాలి. చంద్రపూర్ షాపంటే అందరూ ఒకే పండుగవాళ్లు ఉండరు. ఒకరికి ఏప్రిల్ 14 అంబేద్కర్ జయంతి, అక్టోబర్ 16న దీక్షాభూమి, ఒకరికి ఈద్, ఇంకొకరికి ఎడ్ల పండుగ పోళా, చైత్రంలో మహాకాళి జాతర, మన పిల్లలకు సద్దుల బతుకమ్మ. ఉగాది, గుడి పాడవా ఒకే రోజు కాబట్టి అక్కడ తగాదా లేదు. ఈద్ రోజు ఆ పండుగ చేసుకునే పిల్ల కౌంటర్ మీ అమ్మాయి చూసుకుంటే, బతుకమ్మ సాయంత్రం ఆ పిల్ల మీ అమ్మాయి కౌంటర్ చూసుకుంటుంది. షాపు మూయమని ఎవరూ అడగడం లేదు, ఎవరెప్పుడు ఉంటారో ముందే రాసి గోడకు అంటించమని అడుగుతున్నారు, అంతే. నలుగురు కలిసి ఇలా పట్టీ పట్టుకుని వెళితే కాదనడం సేఠ్‌కు కష్టం, ఎందుకంటే సీజన్‌లో ఎవరూ చెప్పకుండా ఆగిపోరన్న భరోసా ఆయనకూ కావాలి.

ఈ ఏడు దసరాకు మాత్రం తొమ్మిది రోజులూ అడగొద్దని చెప్పండి. సద్దుల రోజు మధ్యాహ్నం మూడు తర్వాత విడిచిపెట్టమని, దానికి బదులు దీపావళి ముందు ఆదివారం పూర్తిగా చేస్తానని ఇప్పుడే, రాతపూర్వకంగా, కనీసం వాట్సాప్‌లోనైనా అడగమనండి. నోటితో అడిగింది సీజన్ రాగానే ఎవరికీ గుర్తుండదు.

కోతల సంగతి మీరు రాయలేదు, కానీ ఇలాంటి షాపుల్లో ఉంటాయి కాబట్టి చెబుతున్నా. మూడు లేట్లకు ఒక రోజు పగార్ కోయడం తప్పు. ఎంతసేపు రాలేదో అంత సమయానికే కోయాలి. ఫైన్లు అన్నీ కలిపినా నెల పగార్‌లో మూడు శాతం దాటకూడదు, మీ అమ్మాయి విషయంలో అది 345 రూపాయలు. స్టాక్ తక్కువ వచ్చిందని ఫ్లోర్ మీద ఉన్న అందరి జీతంలో తలా కొంత కోయడం కూడా కుదరదు, ఆ సరుకు ఆ మనిషికే అప్పగించి ఉండాలి, వాళ్ల నిర్లక్ష్యం వల్లే పోయిందని తేలాలి, వాళ్ల మాట వినాలి. వర్ధా నదికి వరద వచ్చి రాజురా–బల్లార్షా రోడ్డు మూసేసిన రోజుల్లో ఆబ్సెంట్ వేశారా అన్నది కూడా అడగండి, అలాంటి రోజులను క్యాజువల్ లీవు కింద రాయించుకునే హక్కు ఉంది, ఉన్న లీవులు వాడకుండా జీతం పోగొట్టుకోవడం ఎందుకు?

22 మంది స్టాఫ్ అంటే పీఎఫ్ కూడా తప్పనిసరి. ఆమె వైపు నుంచి 12 శాతం కోసి, యజమాని కూడా అంతే వేయాలి. 11,500 మీద లెక్కిస్తే చెరో 1,380. యూఏఎన్ (పీఎఫ్ ఖాతా) నంబర్ ఉందా, ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిస్తే నెలనెలా పడుతోందా చూసుకోమనండి. దివాళీ బోనస్ అంటే మిఠాయి డబ్బా, ఒక చీర అనుకునే షాపులు మన వైపు ఎన్నో ఉన్నాయి. 20 మంది, అంతకు మించి ఉన్న షాపులో, నెలకు 21,000 లోపు జీతం ఉండి ఏడాదిలో కనీసం 30 రోజులు చేసినవాళ్లకు కనీస బోనస్ 8.33 శాతం. చట్టంలో లెక్కకు పట్టుకునే జీతానికి ఒక హద్దు ఉంటుంది కాబట్టి చేతికి వచ్చేది అటూ ఇటూ కావచ్చు, అయినా అది డబ్బా మిఠాయి కంటే చాలా పెద్ద మొత్తం. షాపు కొత్తగా పెట్టిందైతే మొదటి ఐదేళ్లు లాభం వస్తేనే ఇవ్వాలన్న మినహాయింపు ఉంది, అది ఒకసారి కనుక్కోండి.

కనీస వేతనం కూడా చూడాలి. షాపుల కనీస వేతనం ఊరిని బట్టి, పని నైపుణ్యాన్ని బట్టి మారుతుంది, మహానగరపాలిక ఉన్న చంద్రపూర్‌కు ఒక జోన్, రాజురా, బల్లార్షా లాంటి నగర పరిషత్ ఊళ్లకు ఇంకొకటి. ప్రత్యేక భత్యం జనవరిలో, జూలైలో మారుతుంది. చంద్రపూర్‌లో సహాయక కామగార్ ఆయుక్త (అసిస్టెంట్ లేబర్ కమిషనర్) ఆఫీసుకు వెళ్లి ఈ ఆరు నెలల రేటు కాగితం అడిగి ఫొటో తీసుకోండి. ఆ కాగితంతో 11,500ను, 10,000ను రెండిటినీ పోల్చండి. కనీస వేతనానికి స్టాఫ్ ఎంతమంది అన్న హద్దు లేదు, ఎనిమిది మంది ఉన్న సూపర్ మార్కెట్ కూడా అంతకు తక్కువ ఇవ్వకూడదు.

బల్లార్షా ఉద్యోగంలో లోటు ఇక్కడే. ఎనిమిది మందే కాబట్టి పీఎఫ్, బోనస్ తప్పనిసరి కాదు, 2017 చట్టంలోని పండుగ సెలవులు కూడా హక్కుగా అడగలేరు. అక్కడ మీకు దొరికేది యజమాని మాట మీద నడిచే మంచితనం. అందుకే వెళ్లాలనుకుంటే ఎనిమిది గంటలు, సోమవారం సుట్టీ, ఏడాదికి ఎన్ని సెలవులు, జీతం ఏ తేదీకి, ఇవన్నీ అపాయింట్‌మెంట్ కాగితం మీద రాయించుకున్నాకే చేరమనండి. మార్కుల మెమోలు, డిగ్రీ సర్టిఫికెట్ ఒరిజినల్స్ ఏ షాపు వాళ్ల దగ్గరా పెట్టొద్దు. జిరాక్స్ చాలు.

సరిహద్దు ఊళ్ల పిల్లలు తరచూ అడిగేది ఇంకొకటి ఉంది: మాది తెలంగాణ కార్డు, మాకు ఏ చట్టం? మన జిల్లా జివతి తాలూకాలో మహారాష్ట్ర, తెలంగాణ రెండు రాష్ట్రాలూ మావే అంటున్న ఆ 14 ఊళ్లలో ఇంటికి రెండేసి రేషన్ కార్డులు ఉన్నవాళ్లు ఎందరో. షాపు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రం చట్టమే వర్తిస్తుంది, ఆధార్‌లో ఊరు ఏదైనా సరే. మీ అమ్మాయితో పాటు ఆసిఫాబాద్ వైపు నుంచి వచ్చి చేసే పిల్లలు ఉంటే వాళ్లకూ ఇవే హక్కులు.

ఇంట్లో కూర్చుని చదువుకోమంటున్న వాళ్ల నాన్నగారికి నా మాటగా చెప్పండి. సర్కారు పరీక్షలకు చదవడం మంచిదే, కానీ ఏడాదిన్నర అనుభవాన్ని పక్కన పెట్టి ఒక్క పరీక్ష మీదే అంతా పెట్టనక్కరలేదు. తెలుగు, మరాఠీ, హిందీ మూడూ మాట్లాడుతూ బీకాం చదివిన అమ్మాయి చంద్రపూర్ మార్కెట్‌లో మామూలు సేల్స్ గర్ల్ కాదు. కౌంటర్ నుంచి బిల్లింగ్‌కు, బిల్లింగ్ నుంచి స్టాక్ లెక్కలకు మారాలని ఇప్పుడే అడగమనండి, ట్యాలీ, జీఎస్టీ బిల్లులు అక్కడే చేత్తో నేర్చుకోవచ్చు. ఫ్లోర్ సూపర్‌వైజర్ కావడానికి అదే దారి. డిగ్రీ మీద డిగ్రీ కావాలనుకుంటే ఇగ్నోలో దూరవిద్య ఎంకాం ఉంది. కానీ రాత్రి పదింటికి ఇల్లు చేరే పిల్ల ఏ పుస్తకమూ చదవలేదు. చదువు నిజంగా ముఖ్యమైతే బల్లార్షా ఎనిమిది గంటల షిఫ్టే మేలు, పీఎఫ్ లేకపోయినా సరే. షాపుల లైన్‌లోనే పైకి రావాలనుకుంటే ఇప్పుడున్న చోటే ఉండి, రావలసినవి అడిగి తీసుకోవాలి. ఈ రెండింటిలో ఏది అన్నది మీ అమ్మాయే చెప్పాలి, మీరిద్దరూ ముందు ఆమెను అడగండి.

అడిగే పద్ధతి గురించి ఒక మాట. మొదటి రోజే లేబర్ ఆఫీసు పేరు ఎత్తొద్దు. ఈ రోజు నుంచి ఒక నోట్‌బుక్‌లో వచ్చిన టైమ్, వెళ్లిన టైమ్, పోయిన సుట్టీ రాసుకోమనండి. ఇద్దరు ముగ్గురు తోటి పిల్లలతో కలిసి షాపు ఖాళీగా ఉన్న మధ్యాహ్నం వెళ్లి, "సేఠ్, సీజన్‌లో మేమంతా నిలబడతాం, మా సుట్టీల పట్టీ, ఓవర్‌టైమ్ లెక్క రాసి ఇవ్వండి" అని మర్యాదగా అడిగితే చాలు. దీపావళి దాకా చూడండి. బోనస్ వచ్చాక కూడా ఏ మార్పూ లేకపోతే రాజీనామా రాసి ఇచ్చి, అనుభవ పత్రం అడిగి తీసుకోండి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ ప్రకారం మానేసినవాళ్లకు రావలసిన జీతం రెండు పని దినాల్లో ఇచ్చేయాలి, బాకీల కోసం మూడేళ్లలోపు దావా వేయవచ్చు. అప్పుడు ఆ నోట్‌బుక్ పట్టుకుని కామగార్ ఆఫీసు మెట్లు ఎక్కండి, మీరు కూడా వెంట వెళ్లండి, ఒక్కదాన్నే పంపొద్దు.