డౌన్‌లోడ్ చేసిన వీడియోలు డిస్కుకెక్కించి ఇస్తే కేసవుతుందా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గర పల్లె. ఫొటో స్టూడియోతోపాటు చిన్న కంప్యూటర్ షాపు నడుపుతున్నాను. డౌన్‌లోడ్ చేసిన వీడియోలు జనం పెన్‌డ్రైవులో తెస్తారు. ఇంట్లో ఉన్న పాత డీవీడీ ప్లేయర్లో అవి ఆడవు. నేను వాటిని మార్చి డిస్కుకెక్కించి ఇస్తాను. కొత్త సినిమాలు, పాత పౌరాణికాలు, యూట్యూబులోని తప్పెటగుళ్లు (మావైపు జానపద ఆట), పెళ్లి వీడియోలు అన్నీ వస్తాయి. డిస్కు ఖరీదు, నా కూలి తప్ప సినిమాకని పైసా తీసుకోను. ధాన్యం వాళ్లది, మర పట్టడమే నాది. ఈమధ్య పక్క వీధి షాపులో పోలీసులు కంప్యూటర్ పట్టుకెళ్లారు. నా మీదా కేసు పెట్టొచ్చా సార్?

జవాబు: కొత్త సినిమాల విషయంలో పెట్టొచ్చు. అవి ఈ రోజే మానేయండి. మిగిలినవాటిలో కొన్ని నిశ్చింతగా చేసుకోవచ్చు, కొన్నింటికి అనుమతి కావాలి.

మర పట్టినంత మాత్రాన రెండో ధాన్యం బస్తా పుట్టదు. మీ షాపులో పుడుతుంది. పెన్‌డ్రైవులో ఉన్న ఫైలు అలాగే ఉంటుంది. మీ హార్డ్ డిస్కులో ఒక ప్రతి, డీవీడీ ప్లేయరు చదివే ఎంపెగ్-2 అనే వీడియో రూపంలోకి మార్చినప్పుడు ఇంకొకటి, డిస్కు మీద మరొకటి తయారవుతాయి. 1957 కాపీరైట్ చట్టం 14వ సెక్షన్ ప్రకారం సినిమా ప్రతి తీసే హక్కు దాని యజమానిదే. ఏ మాధ్యమంలోనైనా నిల్వ చేయడం కూడా ప్రతి తీయడమేనని ఆ సెక్షన్లోనే రాసి ఉంది. డౌన్‌లోడ్ చేసింది ఎవరన్నది వేరే సంగతి. డిస్కు తయారైంది మీ చేతుల్లో.

కూలి మాత్రమే తీసుకున్నానన్న మాట కూడా మిమ్మల్ని కాపాడదు. తెలిసి హక్కును ఉల్లంఘించినవారినీ, అందుకు సహకరించినవారినీ 63వ సెక్షన్ ఒకే గాట కడుతుంది. శిక్ష 6 నెలలకు తగ్గకుండా 3 ఏళ్ల వరకు జైలు, 50 వేలకు తగ్గకుండా 2 లక్షల వరకు జరిమానా. వ్యాపార లాభం కోసం చేయని కేసుల్లో ఇంతకంటే తక్కువ శిక్ష వేసే వీలు కోర్టుకు ఉంది. కానీ మీది షాపు, బోర్డు పెట్టి చేసే పని. ఆ వెసులుబాటు మీకు దొరకడం కష్టం. ఇక ‘తెలియదు’ అనే వాదన. హాల్లో ఇంకా ఆడుతున్న సినిమా, బొమ్మ మీద పైరసీ సైటు పేరుతో సహా మీ ముందుకొస్తే, అది ఎక్కడిదో తెలియదని మేజిస్ట్రేటును నమ్మించలేరు.

2022 మే నెలలో సుప్రీంకోర్టు ఈ 63వ సెక్షన్ నేరం కాగ్నిజబుల్, నాన్‌బెయిలబుల్ అని తేల్చింది. అంటే పోలీసులు కోర్టు ఉత్తర్వు లేకుండానే కేసు కట్టొచ్చు. నాన్‌బెయిలబుల్ అనగానే బెయిలే రాదని భయపడకండి. స్టేషన్లో హక్కుగా అడిగే వీలుండదు, కోర్టు ఇవ్వాలి, అంతే.

సొంత వాడకానికైతే తప్పులేదట కదా అని చాలామంది అంటారు. 52వ సెక్షన్లో అలాంటి మినహాయింపు నిజంగానే ఉంది. అయితే అది న్యాయమైన వాడకానికి. పైరసీ సైటు నుంచి దించిన కొత్త సినిమాను దాని కిందికి తేవడం కష్టం. పైగా సొంత వాడకం అనే మాట చెప్పుకోవాల్సింది ఇంట్లో చూసుకునేవాడు, డబ్బు తీసుకుని రోజూ పదిమందికి ఎక్కించే షాపు కాదు. నా సలహా, ఆ మినహాయింపును నమ్ముకుని వ్యాపారం చేయకండి.

పెళ్లి వీడియోల దగ్గర మీరు గట్టి నేల మీద ఉన్నారు. డబ్బిచ్చి తీయించుకున్న సినిమాకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే మొదటి యజమాని అని 17వ సెక్షన్ చెబుతుంది. పెళ్లివారు తమ వీడియో తెచ్చి పది డిస్కులు అడిగితే నిస్సంకోచంగా చేసివ్వండి. తీసింది వేరే స్టూడియో అయినా సరే, వారిమధ్య మరో రాతకోత లేకపోతే చాలు. చిక్కల్లా వెనక కలిపే సినిమా పాటతో. పెళ్లి ఊరేగింపులో పాటలు వేసుకోవడానికి చట్టం మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపు అక్కడ వినిపించడం వరకే. అదే పాటను వీడియోకు అతికించి డిస్కులు తీయడానికి అది చాలదు. మనవైపు పెళ్లిళ్లలో సన్నాయి మేళం ఎలాగూ ఉంటుంది. మేళగాళ్లను అడిగి, వాళ్లు పందిట్లో వాయించిందే రికార్డు చేసి వెనక పెట్టండి. పెళ్లికీ నిండుదనం, మీకూ చిక్కు లేదు.

పాత పౌరాణికాలకు లెక్క ఇదీ: సినిమా విడుదలైన మరుసటి ఏడాది జనవరి నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. 1964లో వచ్చిన సినిమా మీద ఆ హక్కు 2024 డిసెంబరుతో తీరిపోయింది. కానీ అందులోని పాటలు, మాటలు రాసినవారి హక్కు వేరు, అది వారు పోయిన తర్వాత 60 ఏళ్లు నడుస్తుంది. అందుకే ఏడాది ఒక్కటే చూసి డిస్కులు తీసి అమ్మకానికి పెట్టకండి.

తప్పెటగుళ్ల గురించి కాస్త ఎక్కువ చెప్పాలనిపిస్తోంది. కథా, పాటా తరతరాలవే, వాటి మీద ఎవరికీ గుత్తహక్కు లేదు. కానీ ఆ వీడియో తీసినవారికి దానిమీద హక్కుంది. గుండెమీద తప్పెట కట్టుకుని చెమటోడ్చి ఆడిన కళాకారులకు 38వ సెక్షన్ కింద ప్రదర్శకుల హక్కు 50 ఏళ్లు ఉంది. ఈ సంగతి మన బృందాల్లో చాలామందికి తెలియనే తెలియదు. వాళ్ల ఆట డిస్కులుగా జాతరలో అమ్ముడుపోతుంటే, వాళ్లకు ఒక్క రూపాయి రాకపోవడం నాకు బాధనిపించే విషయం. మీరు ఉన్నది వాళ్ల ఊళ్ల మధ్యే. యూట్యూబు నుంచి దించడం ఎందుకు? దాని నిబంధనలే, యూట్యూబే డౌన్‌లోడ్ బటను ఇచ్చిన చోట తప్ప, డౌన్‌లోడును ఒప్పుకోవు. బృందం గురువుగారి దగ్గరికి వెళ్లండి, అడిగి మీరే కెమెరా పెట్టి తీయండి, డిస్కుకింత అని కాగితం మీద రాసుకోండి, అట్టమీద బృందం పేరు వేయండి. తీసినవారి పేరు, చిరునామా, హక్కుదారు వివరాలు, అనుమతి తీసుకున్నామన్న ప్రకటన వీడియోలోనూ అట్టమీదా ఉండాలని 52ఎ సెక్షన్ ఎలాగూ అడుగుతుంది. అవి లేకుండా వీడియోను ప్రచురిస్తే 3 ఏళ్ల వరకు జైలు పడే వేరే నేరం.

షాపులో రేపటి నుంచి ఒక పుస్తకం పెట్టండి. తెచ్చినవారి పేరు, ఫోను నంబరు, అది ఏ వీడియో, అది తమదేనని సంతకం. పని కాగానే కస్టమరు ఫైళ్లు మీ కంప్యూటర్లో ఉంచకండి. ఇప్పటికే పడి ఉన్న సినిమాలు తీసేయండి. స్టూడియో పని, పెళ్లిళ్ల ఒరిజినల్ ఫైళ్లు మరో హార్డ్ డిస్కులో వేసి ఇంట్లో పెట్టుకోండి. కంప్యూటర్ పట్టుకెళితే పోయేది సినిమాలొక్కటే కాదు, నలుగురి పెళ్లిళ్లు కూడా.

పోలీసులు వస్తే అడ్డుపడకండి. ఎస్‌ఐ, ఆపై హోదా అధికారి వారంటు లేకుండా అక్రమ ప్రతుల్నీ, వాటిని తీసే సామగ్రినీ స్వాధీనం చేసుకోవచ్చు. పట్టుకెళ్లే వస్తువులు రాసిన పంచనామా ప్రతి అడిగి తీసుకోండి, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత 35(3) కింద హాజరు కమ్మని నోటీసు ఇస్తే, చెప్పిన రోజుకు తప్పకుండా హాజరవ్వండి. వెళ్లకపోతే అరెస్టుకు మీరే కారణం ఇచ్చినట్టవుతుంది. పట్టుకెళ్లిన వస్తువులు తిరిగి కావాలంటే 64వ సెక్షన్ కింద 15 రోజుల్లోగా మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు వేయాలి. పక్క వీధి షాపాయనకు ఈ గడువు సంగతి ఇప్పుడే చెప్పండి, రోజులు దాటకముందే. వకీలు ఖర్చు భరించలేనంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లమనండి, 15100కు ఫోను చేసినా దారి చెబుతారు.