ఎర్రర్ రాని తప్పు గురించి మేనకోడలికి

కందుకూరు,
ఆదివారం రాత్రి

అమ్మణ్ణీ,

నిన్న ఫోన్లో నీ గొంతు విన్నాక మీ అత్తకి నిద్ర పట్టలేదు. ఉద్యోగంలో చేరి మూడు నెలలు కాలేదు, పిల్ల అప్పుడే బెంబేలు పడిపోతోందని రాత్రంతా అదే మాట. రైతుల బాకీల కోసం నువ్వు రాసి పంపిన డేటాబేస్ క్వెరీని కాగితం మీద రాసుకుని పొద్దున్నుంచీ చూశాను. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే రాస్తున్నా. పక్కన కాగితం, పెన్ను పెట్టుకుని చదువు.

రైతుల టేబుల్‌కి మీ కంపెనీ అమ్మిన రొయ్యల మేత బిల్లుల టేబుల్‌ని జాయిన్ చేశావు, అంటే రెండింటి వరసల్నీ రైతు నంబరు పట్టి కలిపావు. అదే క్వెరీలో రైతులు కట్టిన జమల టేబుల్‌నీ జాయిన్ చేసి, పైన మొత్తాలు కూడే సమ్‌లు రెండు పెట్టి ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేశావు. ఎర్రర్ రాలేదు. రిపోర్టు వెళ్లిపోయింది. అల్లూరు వైపు రొయ్యల రైతు ఆఫీసుకొచ్చి "నేనివ్వాల్సింది 70 వేలు, 90 వేలని ఎట్టా రాశారు?" అని అడిగేదాకా ఎవరికీ తెలియలేదు.

ఆయన లెక్కే కాగితం మీద వేసి చూడు. బిల్లులు 3, మొత్తం 1,20,000. జమలు 2, మొత్తం 50,000. ఫలానా జమ ఫలానా బిల్లుకని నీ టేబుళ్లలో ఎక్కడా లేదు. రెండింటికీ ఉన్న చుట్టరికం రైతు నంబరొక్కటే. అందుకని ప్రతి బిల్లు పక్కనా ప్రతి జమా వచ్చి కూర్చుంది. 3 ఇంటూ 2, 6 వరసలు. బిల్లు ఒక్కోటి రెండుసార్లు, జమ ఒక్కోటి మూడుసార్లు పడ్డాయి. 2,40,000 లోంచి 1,50,000 పోతే 90,000. డేటాబేస్ నువ్వు అడిగిందే చెప్పింది, ఒక్క రూపాయి తేడా లేకుండా.

"ఇద్దరు రైతులతో సరిచూశాను మావయ్యా, సరిపోయింది" అన్నావు. నువ్వు చెప్పింది నిజమే. ఒకాయనకి ఒకే బిల్లు, ఒకే జమ ఉన్నాయి, అక్కడ తప్పు బయటపడే వీలే లేదు. రెండో ఆయనకి బిల్లులు 3, మొత్తం లక్ష. జమలు 2, మొత్తం 50 వేలు. నీ క్వెరీలో అవి 2,00,000, 1,50,000 అయ్యాయి, తేడా మళ్లీ 50 వేలే! రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. అందుకే సరిచూడ్డానికి ఎవరో ఇద్దరిని పట్టుకుంటే చాలదు. ఒక్క జమా కట్టనివాడు, ఒక్క బిల్లూ లేకుండా అడ్వాన్సు ఇచ్చినవాడు, ఒకేరోజు ఒకే మొత్తానికి రెండు బిల్లులున్నవాడు, ఏళ్ల తరబడి ఖాతా నడుపుతున్నవాడు, ఈ నలుగురినీ వెతికి పెట్టుకో. బాకీల మీద ఏ క్వెరీ రాసినా ముందు వీళ్ల లెక్క చేత్తో వేసి చూడు.

ఒకేలా ఉన్నవాటిని ఒక్కసారే తీసుకునే డిస్టింక్ట్ పెట్టేస్తే సరిపోతుందని మీ సీనియర్ అన్నాడటగా. పెట్టొద్దు. ఒకేరోజు 40 వేల చొప్పున రెండు లోడ్ల మేత పోతే, సమ్‌లో డిస్టింక్ట్ పెట్టినప్పుడు ఆ రెండు 40 వేలూ ఒకటిగా కలిసిపోతాయి. అప్పుడు నష్టం కంపెనీకి. నువ్వు చేయాల్సింది ఇది: బిల్లుల్ని విడిగా రైతు నంబరు మీద గ్రూప్ బై చేసి రైతుకొక వరస తెచ్చుకో. జమల్నీ అలాగే విడిగా తెచ్చుకో. ఆ తర్వాత రైతుల టేబుల్‌కి రెండింటినీ లెఫ్ట్ జాయిన్ చెయ్యి, అప్పుడు బిల్లు గానీ జమ గానీ లేని రైతు కూడా జాబితాలో ఉంటాడు. జమ లేనివాడికి నల్, అంటే విలువే లేని ఖాళీ, వస్తుంది, లక్షలోంచి నల్ తీసేస్తే మిగిలేదీ నల్లే. అందుకని రెండు మొత్తాలకీ కోలెస్ ఫంక్షన్ పెట్టి నల్‌ని సున్నా చెయ్యి.

లెఫ్ట్ జాయిన్ పెట్టి కూడా జమ కట్టనివాళ్లు రిపోర్టులోంచి మాయమైతే, ఏ వరసలు కావాలో షరతు రాసే వేర్ చూడు. జమ తేదీ ఫలానా రోజు తర్వాత అని వేర్‌లో రాస్తే నల్ వరసలన్నీ అక్కడే రాలిపోతాయి. ఆ షరతు జాయిన్ పక్కనుండే ఆన్ భాగంలోకి గానీ, జమల్ని గ్రూప్ చేసే లోపలి క్వెరీలోకి గానీ పోవాలి. ఒక జాబితాలో లేనివాళ్లని వెతికే నాట్ ఇన్ కూడా ఇలాంటిదే. లోపలి జాబితాలో ఒక్క నల్ ఉన్నా బయటికి ఒక్క వరసా రాదు. ఎర్రరూ రాదు. దాని బదులు నాట్ ఎగ్జిస్ట్స్ రాయడం అలవాటు చేసుకో.

మీ దగ్గర కౌంట్, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో, అడక్కుండా రొయ్యకి ధర చెప్పరు కదా. నువ్వూ జాయిన్ వేసిన ప్రతిసారీ వరసల కౌంట్ అడుగు. జాయిన్‌కి ముందు ఎన్ని, తర్వాత ఎన్ని. ఎందుకు పెరిగాయో, ఎందుకు తగ్గాయో నోటితో చెప్పగలిగాకే సమ్ పెట్టు. అన్నట్టు, కౌంట్ ఫంక్షన్‌లో నక్షత్రం గుర్తు (*) పెడితే అన్ని వరసల్నీ లెక్కేస్తుంది, కాలమ్ పేరు ఇస్తే నల్‌లని వదిలేస్తుంది.

ఇప్పుడు, టేబుల్‌లో ఉన్న విలువల్ని మార్చే అప్‌డేట్ మాట. నువ్వు అడగలేదు, అయినా చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక రైస్ మిల్లుకి నేను లెక్కల ప్రోగ్రాం చూసేవాణ్ణి. ఒక్క రకం వడ్ల ధర మార్చాలి. అప్‌డేట్ రాశాను, వేర్ కింది లైన్లో సరిగ్గానే రాశాను. కానీ ఆ టూల్‌లో మౌస్‌తో సెలెక్ట్ చేసినంత భాగమే నడుస్తుంది. పై లైనొక్కటే సెలెక్టయి ఉంది. మిల్లులో ఉన్న రకాలన్నిటి ధరా ఒక్కటైపోయింది. ముందురోజు రాత్రి బ్యాకప్ తిరిగి ఎక్కించి, ఆ రోజు కాటా చీటీలన్నీ ముందేసుకుని తెల్లారిందాకా మళ్లీ కొట్టాను. అప్పటికి వడ్లు తోలిన రైతులు డబ్బు కోసం బయట బెంచీ మీద కూర్చుని ఉన్నారు. వాళ్ల ముఖాలు నాకిప్పటికీ గుర్తే.

అప్పట్నుంచి నా పద్ధతి మారలేదు. స్టార్ట్ ట్రాన్సాక్షన్ కొడతాను, అప్పుడు కమిట్ అని ఖాయం చేసేదాకా మార్పుల్ని రోల్‌బ్యాక్‌తో వెనక్కి తీసుకోవచ్చు. రాయబోయే వేర్‌తోనే ముందు సెలెక్ట్ వేసి ఎన్ని వరసలో కాగితం మీద రాసుకుంటాను. అప్‌డేట్ నడిపాక మారిన వరసల సంఖ్య దాంతో కలిస్తేనే కమిట్, లేకపోతే రోల్‌బ్యాక్. మీరు వాడే డేటాబేస్ మైఎస్‌క్యూఎల్‌లో ప్రతి మార్పునీ వెంటనే ఖాయం చేసే ఆటోకమిట్ మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది, ట్రాన్సాక్షన్ మొదలుపెట్టకపోతే రోల్‌బ్యాక్ నిన్ను కాపాడదు. టేబుల్ నిర్మాణాన్ని మార్చే ఆల్టర్ టేబుల్ లాంటివైతే వాటంతటవే కమిట్ చేసేస్తాయి, వాటిని మధ్యలో కలపకు. కమిట్ చేయకుండా భోజనానికి మాత్రం లేవొద్దు. ఆ వరసలు లాక్‌లోనే ఉండిపోతాయి. వాటిని మార్చబోయిన వాళ్లకి, సెట్టింగు ఎవరూ మార్చకపోతే, 50 సెకన్లు ఆగి 1205 ఎర్రర్ వస్తుంది. అది నీకే వస్తే, ఎవరెవరు కనెక్టయి ఉన్నారో చూపే షో ప్రాసెస్‌లిస్ట్ చూడు. లాక్ పట్టుకున్న కనెక్షన్ చాలాసార్లు అందులో స్లీప్ అని అమాయకంగా కనిపిస్తుంది. దాన్ని చంపేముందు అది ఎవరిదో కనుక్కో.

నెమ్మది క్వెరీల గురించి తర్వాత వివరంగా మాట్లాడుకుందాం. ఇప్పటికి రెండే. బిల్లు తేదీ కాలమ్‌ని డేట్ ఫంక్షన్‌లో చుట్టి పోలిస్తే దాని మీదున్న మామూలు ఇండెక్స్ (తొందరగా వెతకడానికి పెట్టే సూచిక) పనికిరాదు. ఆ రోజు 00:00 నుంచి, మర్నాడు 00:00కి ముందు దాకా అని రాయి. బిట్వీన్ వాడి ఆఖరి తేదీని టైమ్ లేకుండా ఇస్తే ఆ రోజు పొద్దుటి నుంచి పడిన బిల్లులు తప్పిపోతాయి. సర్వర్ గడియారం యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో, ఉందేమో కూడా అడుగు, ఉంటే మనకి 5:30 గంటలు వెనక. తెల్లవారుజామున చెరువులో రొయ్యలు పట్టి 4 గంటలకి కొట్టిన బిల్లు నిన్నటి తేదీలోకి పోతుంది. ఇంకోటి, ఫోన్ నంబరు వార్‌చార్ (అక్షరాలుగా దాచే) కాలమ్‌లో ఉంటే కోట్స్‌లో పెట్టి వెతుకు. ఉత్త అంకెగా ఇస్తే మైఎస్‌క్యూఎల్ ఇండెక్స్ వదిలేసి టేబులంతా చదువుతుంది. క్వెరీ ఎలా నడుస్తుందో చెప్పే ఎక్స్‌ప్లెయిన్ వేసి, టైప్ దగ్గర ఆల్ అని కనిపిస్తే అదే సంగతి.

మీ కంపెనీ వడ్ల వ్యాపారంలోకీ దిగుతోందన్నావు. పరిమాణం అని ఒక్క కాలమ్ పెట్టి వదిలేయకు. నెల్లూరులో పుట్టి అంటే 850 కిలోలు. ఒక గుమాస్తా పుట్లలో, ఇంకో గుమాస్తా క్వింటాళ్లలో కొడితే ఏ క్వెరీ దాన్ని బాగుచేయలేదు. కాలమ్ పేరులోనే కిలోలు అని పెట్టు. పుట్లని స్క్రీన్ మీద మార్చి చూపించు.

జిల్లా పేరుని కూడా రైతు వరసలో పదంగా రాయొద్దు. నేను పుట్టేనాటికి కందుకూరు నెల్లూరు జిల్లాలో ఉంది. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడితే అందులోకి పోయింది, 1972లో దానికి ప్రకాశం పేరు వచ్చింది. 2022 ఏప్రిల్ 4న తిరిగి నెల్లూరులో కలిసింది, ఆ తర్వాత మళ్లీ ప్రకాశానికే పోయింది. మా ఇల్లు మాత్రం అంగుళం కదల్లేదు! మండలానికొక నంబరు ఇచ్చి, అది ఏ జిల్లాలో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉందో వేరే టేబుల్‌లో పెట్టు. 2021 అమ్మకాలు అడిగితే కందుకూరు ప్రకాశం కింద రావాలి, 2023వి అడిగితే నెల్లూరు కింద రావాలి.

రేపు పొద్దున్నే మీ మేనేజర్ దగ్గరికి నువ్వే వెళ్లు. తప్పు ఎక్కడుందో ఆ 6 వరసలు గీసి చూపించు. పాత క్వెరీతో ఎవరెవరికి బాకీ కాగితాలు పోయాయో, పాత అంకె, కొత్త అంకె పక్కపక్కన పెట్టి జాబితా తియ్యి. తక్కువ పడ్డవాళ్లనీ వదలకు. ఆ అల్లూరు రైతుకి మాత్రం ముందు ఫోన్ చేయించు.

కొత్త క్వెరీ రాశాక నాకు పంపు. ఆ నలుగురు రైతుల లెక్క నువ్వు చేత్తో వేసిన కాగితం ఫోటో తీసి దాంతోపాటే పెట్టు. శనివారం బస్సెక్కితే చెప్పు, స్టాండుకి వస్తాను.

మీ మావయ్య