పచ్చిక ఊరికే వస్తోందని దూడలను ఆపుకోవచ్చా?

ప్రశ్న: మాది మాంసం కోసం పెంచే ఆవుల మంద. 30 తల్లులు, తలా ఒక దూడ. వసంతంలో పుట్టిన దూడలు ఇప్పుడు సగటున 220 కిలోలు తూగుతున్నాయి. 12 హెక్టార్లలో శరదృతువు పచ్చిక ఇంకా మిగిలి ఉంది. మంచు పడేలోపు మరో 40 రోజులు తల్లుల దగ్గరే మేపి, 250 కిలోలు చేసి అమ్ముదామని నా ఆలోచన. గడ్డికి ఎలాగూ డబ్బు పెట్టక్కర్లేదు కదా. బ్యాంకు వాయిదా మాత్రం రెండు నెలల్లో కట్టాలి. ఇప్పుడే అమ్మేయనా, ఆగనా?

జవాబు: గడ్డికి డబ్బు పెట్టక్కర్లేదన్న మాట దగ్గరే మీ లెక్క తప్పుతోందండీ. ఇప్పుడు మంద మేసేసిన ప్రతి కిలోకూ బదులు చలికాలంలో ఎండుగడ్డి వేయాలి. అందుకే ఈ పచ్చిక ధర ఎండుగడ్డి ధరే.

దానికంటే ముందు, 40 రోజులకు సరిపడా మేత ఉందో లేదో కొలవండి. 50 సెంటీమీటర్ల భుజంతో ఒక చదరపు చట్రం చేయించి, పొలంలో పది పన్నెండు చోట్ల పడేయండి. బాగా పెరిగిన చోట్లే ఎంచుకోవద్దు, పలచగా ఉన్న చోటా వేయాలి. నేల నుంచి 8 సెంటీమీటర్లు వదిలి పైగడ్డి కోసి, పూర్తిగా ఆరబెట్టి తూచండి. ఒక చట్రంలో వచ్చిన గ్రాములను 40తో గుణిస్తే హెక్టారుకు ఎన్ని కిలోల పొడి మేత ఉందో వస్తుంది. సగటున 35 గ్రాములు వచ్చిందనుకుందాం. హెక్టారుకు 1,400 కిలోలు, 12 హెక్టార్లకు 16,800. ఇదంతా కడుపులోకి పోదు. మందను ఒకేసారి వదిలేస్తే తొక్కి, పేడ వేసి సగం పాడుచేస్తాయి. మిగిలేది 8,400 కిలోలు.

పాలిచ్చే 550 కిలోల ఆవు రోజుకు సుమారు 13 కిలోల పొడి మేత తింటుంది, దూడ మరో 4. జంటకు 17 చొప్పున 30 జంటలకు 510 కిలోలు. అంటే మీ మేత 16 రోజులకే సరి. పశువుల కరెంటు కంచె తీగ అడ్డుపెట్టి, రోజుకో పట్టీ మాత్రమే వదులుతూ మేపితే వృథా తగ్గి 70 శాతం దాకా వాడుకోవచ్చు. అప్పుడూ 23 రోజులే. మిగతా రోజులు ఆ 8 సెంటీమీటర్ల మొదళ్లనూ కొరికిస్తే వాటిలో దాచుకున్న శక్తి పోయి, వచ్చే వసంతంలో గడ్డి ఆలస్యంగా లేస్తుంది.

సరే, మేత చాలినంత ఉందనే అనుకుని డబ్బు లెక్క చూద్దాం. 220 కిలోల దూడకు కిలో 100 చొప్పున 22,000 వస్తుందనుకోండి. ఏ కరెన్సీ అయినా నిష్పత్తి ముఖ్యం. దూడ బరువెక్కే కొద్దీ కిలో ధర సాధారణంగా దిగుతుంది. 250 కిలోల దూడకు 95 పలికితే 23,750. పెరిగిన 30 కిలోలకు మీకు వచ్చింది 1,750, అంటే కిలోకు 58. చాలామంది ఇక్కడ 30ని 95తో గుణించి మోసపోతారు.

ఇక ఖర్చు. ఇప్పుడే దూడను అమ్మేస్తే, వట్టిపోయిన తల్లికి రోజుకు 11 కిలోలు చాలు. ఆగితే జంటకు రోజుకు 6 కిలోలు ఎక్కువ, 40 రోజులకు 240. ఎండుగడ్డి వేసేటప్పుడు ఐదో వంతు నేలపాలవుతుంది కాబట్టి 300 కిలోలు కొనాలి. ఎండుగడ్డి కిలో 4 అయితే 1,200. దూడకు మిగిలేది 550. ఎండుగడ్డి 5.8కి చేరితే ఏమీ మిగలదు.

పైగా ఇదంతా దూడ రోజుకు 750 గ్రాములు పెరిగితేనే. ముదిరి గోధుమరంగుకు తిరిగిన గడ్డిలో మాంసకృత్తులు 5 నుంచి 7 శాతానికి పడిపోతాయి. ఆ పెరుగుదలకు దూడకు 12 శాతం దాకా కావాలి. ఆరు నెలలు దాటేసరికి తల్లి పాలు కూడా గరిష్ఠంలో సగానికి వస్తాయి. పెరుగుదల రోజుకు 400 గ్రాములకు పడితే, 40 రోజులకు 16 కిలోలు, రాబడి 960 ప్రాంతం. అప్పుడు దూడకు 240 నష్టం. కోసిన తర్వాత మళ్లీ చిగిర్చిన ఆకుగడ్డి, క్లోవర్ (పప్పుజాతి మేత మొక్క) ఉన్న మడి అయితే సంగతి వేరు, అక్కడ ఆగడంలో అర్థముంది.

తల్లుల ఒంటిని కూడా లెక్కలోకి తీసుకోండి. పక్కటెముకల మీద అరచేయి ఆనించి చూడండి. ముందు పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టేలా ఉంటే ఒంటి కండను చూసే 1 (బాగా బక్క) నుంచి 9 (బాగా కొవ్వు) కొలతలో ఆ ఆవు 4 లోపే. ఈనే నాటికి 5 ఉండాలి. ఒక్క అంకె పెరగడానికి సుమారు 40 కిలోల బరువు కావాలి. చూడి మధ్య నెలల్లో, పాలు ఆగాక, దాన్ని సంపాదించడం తేలిక. ఈనాక పాలిస్తూ సంపాదించడం చాలా ఖరీదు. బక్కచిక్కి ఈనిన ఆవు ఎదకు ఆలస్యంగా వస్తుంది. ఏడాదికో దూడ కావాలంటే ఈనిన 82 రోజుల్లోపు మళ్లీ చూడి కట్టాలి. అది తప్పితే పోయేది వచ్చే ఏటి దూడే.

అందుకని తొలిచూలు ఆవుల, బక్క ఆవుల దూడలను ఈ వారమే వేరుచేయండి. తొలిచూలువి ఇంకా ఎదిగే వయసువి, బక్కవాటికి ఒంట్లో మిగులు లేదు, ఇంతకంటే పిండుకోవద్దు. మిగతావాటిని కొలతలో మేత తేలితే మూడు వారాలు, పట్టీల పద్ధతిలో మాత్రమే మేపండి. వేరుచేసే రోజున పశువైద్యునితో చూడి పరీక్ష చేయించి, కట్టనివాటిని పక్కన పెట్టండి. చలికాలమంతా వాటికి మేత పెట్టడం శుద్ధ దండగ.

ఒక ప్రమాదం మాత్రం చెప్పి తీరాలి. ఎండిపోయిన పొలంలో ఆకలి మీదున్న పెద్ద ఆవులను ఒక్కసారిగా పచ్చటి చిగురులోకి వదిలితే, రెండు వారాల్లోపు ఊపిరితిత్తులు దెబ్బతిని రొప్పుతూ చనిపోవచ్చు. నమ్మదగిన చికిత్స లేదు. దూడలకు ఇది అరుదు. మొదటి రోజుల్లో ఎండుగడ్డితో కడుపు నింపి, రెండేసి గంటలే వదిలి, పదిరోజుల్లో మెల్లగా పెంచండి. 30 దూడల మీద మీకు మిగిలేది 16,500. 550 కిలోల ఆవుకు కిలో దూడ ధరలో సగమే వేసినా 27,500. ఒక్క ఆవు పోతే అంతా తుడిచిపెట్టుకుపోయినట్టే.

ఇప్పుడు వాయిదా సంగతి. దూడలను అమ్మడానికి మంచి సమయాలు రెండే: తల్లి నుంచి తీసిన రోజు, లేదా తీసి 45 రోజులు దాటాక. మధ్యలో అమ్మితే అరుపులతో బరువు తగ్గి, దగ్గు, జ్వరాలు పట్టే దశలో ఉంటాయి. కొనేవారికి అది తెలుసు. మీకు 60 రోజులే ఉన్నాయి కాబట్టి, 45 రోజుల దారి ఎంచుకుంటే వచ్చే పది పన్నెండు రోజుల్లోనే మొదలుపెట్టాలి. టీకాలు వేరుచేయడానికి రెండు మూడు వారాల ముందే పడడం మంచిది, కాబట్టి గడువు ఇప్పటికే ఇరుకు. పైగా వేరుచేసిన దూడ ఒక్కటే రోజుకు 5.5 కిలోల దాకా మేస్తుంది. తల్లి పాలు ఆగినందుకు మిగిలే మేత దాదాపు అక్కడే ఖర్చు. తల్లులను ముతక గడ్డిలోకి మార్చి, చిగురు దూడలకు వదలగలిగితేనే, కొనుగోలుదారు అదనపు ధరకు ముందే ఒప్పుకుంటేనే ఆ దారి పట్టండి.

లేదంటే వాయిదా మొత్తానికి సరిపడా దూడలను, బరువైన కోడెలతో మొదలుపెట్టి, ఇప్పుడే అమ్మేయండి. ప్రయాణంలో బరువు 3 నుంచి 8 శాతం దాకా పోతుంది, కాబట్టి ఒక దూడకు 220 కాదు, 205 కిలోలే వేసుకుని ఎన్ని కావాలో లెక్కించండి. మిగతా దూడల మీద తీసుకునే నిర్ణయం అప్పుడు బ్యాంకు తేదీ మీద కాక, గడ్డి మీద ఆధారపడుతుంది. అంతకీ చాలకపోతే ఈ వారమే బ్యాంకుకు వెళ్లి, కొలిచిన మేత లెక్క చూపించి, నెల గడువు అడగండి.