తమ్ముడి జాంబీ ఆట, అన్న క్రెడిట్ కార్డు

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల దుకాణం నడుపుతున్నాను. దుకాణం నుంచి నెలకు రూ.45,000 ఇంటికి తీసుకుంటాను, అందులో రూ.34,000 ఖర్చులకు పోతుంది. అమ్మ, బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్న తమ్ముడు నాతోనే ఉంటారు. గడిచిన నాలుగు నెలల్లో తమ్ముడు నా క్రెడిట్ కార్డు మీద ఒక జాంబీ ఆటకు రూ.23,400 పెట్టాడు. నిలదీస్తే, ఆట ఇంకా ఎర్లీ యాక్సెస్‌లో ఉందనీ, పూర్తయ్యాక ధర పెరుగుతుందనీ, కొన్న వస్తువుల్ని తర్వాత అమ్ముకోవచ్చనీ, కాబట్టి ఇది పెట్టుబడేననీ అంటున్నాడు. పైగా రూ.85,000 గేమింగ్ కంప్యూటర్‌ను ఈఎంఐలో కొనమంటున్నాడు. ఆన్‌లైన్ ఆటల్ని ప్రభుత్వం నిషేధించింది కదా, ఆ డబ్బు వెనక్కి వస్తుందా? సేవింగ్స్ ఖాతాలో రూ.60,000 ఉన్నాయి. కార్డు బకాయి రూ.38,000, నెలనెలా మినిమం డ్యూ కడుతున్నాను. స్టేట్‌మెంట్ జతచేశాను.

జవాబు: మీరు చివర్లో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన మినిమం డ్యూ సంగతితోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీ ఇంట్లో అసలైన చిల్లు అక్కడే ఉంది. మీ కార్డుపై వడ్డీ నెలకు మూడున్నర శాతమని స్టేట్‌మెంట్‌లో ఉంది. రూ.38,000 మీద అది రూ.1,330, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే దాదాపు రూ.1,570 అవుతుంది. మీరు కడుతున్న మినిమం డ్యూ అయిదు శాతం, అంటే రూ.1,900. అందులో అసలుకు జమ అయ్యేది రూ.330 మాత్రమే. పాత బకాయి పూర్తిగా తీరనంతకాలం కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ గడువు మినహాయింపు లేకుండా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. తమ్ముడు ఆటను రూ.1,300కు కొన్నాడు, మీరు ప్రతి నెలా అంతకంటే ఎక్కువే బ్యాంకుకు వడ్డీగా సమర్పించుకుంటున్నారు. సేవింగ్స్ ఖాతాలోని డబ్బుకు ఏడాదికి మూడు శాతం వడ్డీ రావడమే గగనం కాబట్టి, అందులోంచి రూ.38,000 తీసి ఈ వారంలోనే బకాయి మొత్తం కట్టెయ్యండి. ఖాతా పలచబడుతుందన్న భయం సహజమే, దాన్ని మళ్ళీ ఎలా నింపాలో కింద రాశాను.

ఇక పెట్టుబడి మాట. తమ్ముడు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది, ఆ సగాన్ని కాదనకండి. ఎర్లీ యాక్సెస్ అంటే, ఆట తయారవుతుండగానే అమ్మకానికి పెట్టి, వచ్చిన డబ్బుతో, ఆడేవాళ్ళు చెప్పిన లోపాలతో దాన్ని పూర్తి చేసే పద్ధతి. స్టీమ్ అనే ఆటల అంగడి దీన్ని 2013లో మొదలుపెట్టింది. ఆట పూర్తయ్యాక ధర పెంచడం చాలా కంపెనీలకు ఆనవాయితీ. 2013 డిసెంబరులో ఎర్లీ యాక్సెస్‌గా వచ్చి 2024 జులైలో పూర్తి రూపం పొందిన సెవెన్ డేస్ టు డై అనే జాంబీ ఆట ధర అలాగే పెరిగింది. అయితే ధర పెరిగితే లాభం అమ్మేవాడిది. ముందే కొన్నవాడికి కొంత ఆదా అవుతుందే తప్ప, అతని దగ్గరున్న ప్రతిని ఆ కొత్త ధరకు మరొకరికి అమ్ముకునే వీలు లేదు. స్టీమ్‌లో ఒకరి ఖాతాలోకి చేరిన ఆట ఆ ఖాతాకే అంటుకుని ఉంటుంది. కొన్ని ఆటల్లోని వస్తువుల్ని స్టీమ్ సంతలో అమ్ముకోవచ్చన్నదీ నిజమే, కానీ అక్కడ సాధారణంగా 15 శాతం దాకా రుసుముగా కోతపడుతుంది, మిగిలినది స్టీమ్ వాలెట్‌లోకి వెళ్తుంది, ఆ వాలెట్ నుంచి బ్యాంకు ఖాతాకు దారి లేదు. బయటి వెబ్‌సైట్లలో నగదుకు అమ్ముకోవచ్చని ఎవరైనా చెబితే, అది స్టీమ్ నిబంధనలకు విరుద్ధం, పైగా ఖాతాలే కొట్టేసే మోసగాళ్ళకు అనువైన చోటు.

ఆ ఆట పూర్తవుతుందన్న హామీ కూడా లేదు. మీ ఆటోనగర్‌లో లారీకి బాడీ కట్టించేవాడు అడ్వాన్సు ఇచ్చేముందు కొలతలు, కర్ర, ఇనుము, అప్పగించే తేదీ మాట్లాడుకుంటాడు. ఎర్లీ యాక్సెస్‌లో అటువంటి ఒప్పందం ఉండదు, ఉన్నది ఉన్నట్టుగా నచ్చితేనే కొనండి, లేకపోతే ఆగండి అని అమ్మే పేజీలోనే రాసి ఉంటుంది. డేజీ అనే జాంబీ ఆట 2013 డిసెంబరు నుంచి 2018 డిసెంబరు దాకా, అయిదేళ్ళపాటు అదే దశలో ఉండి చివరకు పూర్తయింది. 2013 నవంబరులో స్టీమ్‌లోకి వచ్చిన ప్రాజెక్ట్ జాంబాయిడ్ అనే మరో జాంబీ ఆటను దశాబ్దం దాటాక కూడా ఎర్లీ యాక్సెస్‌గానే అమ్మారు, అయినా దాన్ని ఇష్టంగా ఆడేవాళ్ళు లక్షల్లో ఉన్నారు, అందులో డబ్బుకు ఆయుధాలమ్మే దుకాణమూ లేదు. మరోవైపు ది డే బిఫోర్ అనే ఆట 2023 డిసెంబరు 7న విడుదలైతే, అదే నెల 11న కంపెనీ మూతపడుతున్నట్టు ప్రకటన వచ్చింది, 2024 జనవరి 22న సర్వర్లు ఆగిపోయాయి. కొన్నవాళ్ళకు స్టీమ్ డబ్బు తిరిగి ఇచ్చింది కాబట్టి గొడవ అంతటితో సర్దుకుంది. ఒంటరిగా ఆడుకునే ఆటయితే కంపెనీ పోయినా కంప్యూటర్‌లో మిగిలి ఉంటుంది, కంపెనీ సర్వర్ల మీదే నడిచే మల్టీప్లేయర్ ఆట మాత్రం ఆ సర్వర్లతోపాటే పోతుంది.

ఆట పేరు మీరు రాయలేదు, నాకు అవసరమూ లేదు, స్టేట్‌మెంటే చాలు. ఆటకు రూ.1,300, సపోర్టర్ ప్యాక్ పేరిట రూ.2,500 పోగా, మిగిలిన రూ.19,600 అంతా 149, 299, 449 రూపాయల చిల్లర వరసలే. ఒక శనివారం తేదీ మీద 299, 299, 449, మళ్ళీ 299 వరసగా పడి ఉన్నాయి, అంటే ఒక్క రాత్రిలో రూ.1,346. ఇది ఆట కొనేవాడి లెక్క కాదు, ఆటలో పదేపదే చచ్చి మళ్ళీ సరంజామా సమకూర్చుకునేవాడి లెక్క. ఇటువంటి సర్వైవల్ (ప్రాణాలు నిలుపుకోవడమే లక్ష్యమైన) ఆటల్లో చనిపోతే ఒంటి మీదున్న తుపాకీ, మందులు, తిండి అన్నీ అక్కడే పడిపోతాయి, చంపినవాడు ఏరుకుంటాడు. నిర్మాణ దశలో ఉన్న ఆటలో అప్పుడప్పుడూ సర్వర్‌ను వైప్ చేసి అందరి స్థావరాలనూ, సామాన్లనూ మొదటికి తెస్తారు కూడా. డబ్బిచ్చి కొన్నది గంటలో పోగల వస్తువు అయినప్పుడు, దాన్ని ఆస్తి అని పిలవడం ఎలా కుదురుతుంది?

డబ్బు పెట్టినవాడిదే గెలుపు అన్న వివాదం ఈ జాతి ఆటల్లో కొత్తది కాదు. 2015 జనవరిలో హెచ్1జెడ్1 అనే జాంబీ ఆట ఎర్లీ యాక్సెస్‌గా 20 డాలర్లకు వచ్చినప్పుడు, ఆయుధాలు, తూటాలు అమ్మబోమని అంతకుముందు చెప్పిన కంపెనీ, డబ్బుకు ఎయిర్‌డ్రాప్‌లు అమ్మింది. విమానం వచ్చి పెట్టె జారవిడుస్తుంది, అందులో తుపాకులూ ఉండవచ్చు. విమానం చప్పుడు చుట్టుపక్కల వాళ్ళందరికీ వినిపిస్తుంది, పెట్టెను ఎవరైనా దక్కించుకోవచ్చు, కాబట్టి ఇందులో అన్యాయం లేదన్నది కంపెనీ వాదన. ఆడేవాళ్ళు ఊరుకోలేదు. మోసపోయామనుకున్నవాళ్ళకు డబ్బు వాపసు ఇస్తామని ప్రకటించి, పెట్టెల్లో తుపాకులు దొరికే అవకాశాన్ని తగ్గించారు. డబ్బు సంగతులు చూసేవాడిగా నాకు ఆ వాదన ఇంకా వింతగా తోస్తుంది, ఎందుకంటే పెట్టెకు డబ్బిచ్చింది ఒకడు, పట్టుకుపోయేది మరొకడు కావచ్చునని అమ్మేవాడే ఒప్పుకుంటున్నాడు. ఆ ఆటను 2016లో రెండుగా చీల్చారు, జాంబీలున్న భాగం సర్వర్లను 2018 అక్టోబరులో మూసేశారు.

కంపెనీల వైపు నుంచి చూస్తే దీనికో కారణం ఉంది. ఆట ధర ఒక్కసారే వస్తుంది, సర్వర్ల అద్దె మాత్రం నెలనెలా కట్టాలి. దుస్తులు, రంగులు, టోపీలు అమ్మి ఆ ఖర్చు రాబట్టుకునే కంపెనీని నేను తప్పుపట్టను. ఆయుధాల్లాంటి బలం అమ్మే దుకాణంలో మాత్రం ఖర్చుకు అంతు ఉండదు, ఇవాళ కొన్న తుపాకీ కంటే మెరుగైనది రేపు అమ్మితేనే వాళ్ళ వ్యాపారం సాగుతుంది. వీటి మధ్యలో ఆటలో సౌకర్యం పేరుతో అమ్మే అదనపు గోదాములు, త్వరగా గోడలు లేపే అనుమతులు ఉంటాయి, నా దృష్టిలో అవి కూడా బలం కిందికే వస్తాయి.

డబ్బు వెనక్కి వచ్చే ఆశ పెద్దగా పెట్టుకోకండి. 2025 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నిషేధించింది, డబ్బు కట్టి తిరిగి డబ్బు గెలుచుకునే ఆటల్ని. వినోదానికి ఆట కొనడం, అందులో వస్తువులు కొనడం ఆ నిషేధంలోకి రావు. స్టీమ్‌లో కొన్న ఆటయితే, 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే వాపసు దొరుకుతుంది, ఆ గడువు మీకు ఎప్పుడో దాటిపోయింది. ఆట లోపల కొని వాడేసిన వస్తువులకు వాపసు సాధారణంగా ఉండదు. బ్యాంకులో ఫిర్యాదు చేసినా నిలవదు, కార్డూ ఓటీపీ మీ ఇంటి నుంచే వెళ్ళాయి కాబట్టి అది అనధికార లావాదేవీ కాదు.

ఇక ముందు చేయాల్సింది. బ్యాంకు యాప్‌లో ఆ వ్యాపారి దగ్గర భద్రమై ఉన్న మీ కార్డు టోకెన్‌ను (కార్డు నంబరుకు బదులుగా వాడే గుర్తును) తొలగించండి, ఆటో డెబిట్ అనుమతులేమైనా ఉంటే రద్దు చేయండి, దుకాణం సరుకుకు అవసరం లేకపోతే అంతర్జాతీయ లావాదేవీల మీటను కూడా ఆపేయండి. వ్యాపారి విదేశంలో నమోదై ఉంటే, బిల్లు రూపాయల్లోనే ఉన్నా కొన్ని బ్యాంకులు అదనపు రుసుము వేస్తాయి. మీ స్టేట్‌మెంట్‌లో కొనుగోళ్ళ కింద కనిపిస్తున్న చిన్న మొత్తాలు అవే. తమ్ముడికి ఆట మానిపించమని నేను చెప్పను. ఇరవై ఏళ్ళవాడికి స్నేహితులతో ఆడుకునే ఒక వ్యాపకం ఉండటంలో తప్పు లేదు, అదే డబ్బు ఆర్డీలో (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్‌లో) వేస్తే అయిదేళ్ళకు ఎంతయ్యేదో లెక్కగట్టి వాడి ముందు పెట్టడం వల్ల ఒరిగేదీ లేదు. నెల మొదట్లో వాడి సొంత ఖాతాకు రూ.1,000 పంపి, ఆటకైనా సినిమాకైనా ఆ నెలకు అంతేనని చెప్పండి. శనివారం రాత్రి అది అయిపోతే, ఆటలో ఇంకో తుపాకీ తనకు ఎంత అవసరమో వాడే తేల్చుకుంటాడు.

మీకు నెలకు మిగిలే రూ.11,000లో ఆ వెయ్యి పోగా, రూ.6,000 సేవింగ్స్‌లోనో స్వీప్ డిపాజిట్‌లోనో (ఖాతాలోని మిగులును దానంతటదే డిపాజిట్‌గా మార్చే ఏర్పాటు) వేయండి. కార్డు బకాయి తీర్చాక మీ దగ్గర ఉండేది రూ.22,000, మూడు నెలల ఖర్చుకు కావలసినది రూ.1,02,000. పదమూడు, పద్నాలుగు నెలల్లో అది నిండుతుంది. ఇంటి పెద్దదిక్కు మీరొక్కరే, ఆదాయం దుకాణం మీదే, కాబట్టి ఇది కంప్యూటర్ కంటే ముందు. మిగిలినవాటిలో రూ.3,000తో బ్యాంకులో ఏడాది దాటిన ఆర్డీ ఒకటి మొదలుపెట్టండి, పద్నాలుగు నెలలకు అసలే రూ.42,000 అవుతుంది.

ఆ రూ.42,000 కంప్యూటర్ ధరలో సగం. మిగతా సగం తమ్ముడు తెచ్చుకోవాలి. ఆదివారాలు మీ దుకాణంలో జీఎస్టీ బిల్లులు, సరుకు లెక్కలు కంప్యూటర్‌లోకి ఎక్కించే పని అప్పగించి, బయటివాడికైతే ఎంత ఇస్తారో అంతే వాడి ఖాతాలో వేయండి. నో కాస్ట్ ఈఎంఐ అని దుకాణదారు ఊరించినా, ప్రాసెసింగ్ రుసుము, వడ్డీ మీద జీఎస్టీ మీ నెత్తినే పడతాయి, నగదు కొనుగోలుకు దొరికే తగ్గింపు పోతుంది, అన్నిటికీ మించి అది మళ్ళీ అదే క్రెడిట్ కార్డు మీదికి ఎక్కుతుంది. చదువుకు ఇప్పుడున్న ల్యాప్‌టాప్ సరిపోవడం లేదని తమ్ముడు అంటే మాత్రం, ఏ సాఫ్ట్‌వేర్‌కు ఎంత మెమరీ కావాలో కాలేజీ ల్యాబ్‌లో కనుక్కుని రాసివ్వమనండి. చాలాసార్లు కొత్త యంత్రం అక్కర్లేకుండా, కొద్ది వేలు పెట్టి ర్యామ్, ఎస్‌ఎస్‌డీ మార్పిస్తే ఆ పని జరిగిపోతుంది.