బాపు మాట్లాడుతలేడు, దేవుడు కూడా మాట్లాడుతలేడా?

"అక్కా, నాకు 27 ఏండ్లు. పరకాల దగ్గర మా ఊరు, హన్మకొండల ప్రైవేట్ స్కూల్ల లెక్కల సార్‌గా చేస్తున్న. రెండేండ్ల కింద యేసయ్యను నమ్ముకున్న, పోయినేడు బాప్తిస్మం తీసుకున్న, ఇంట్ల నేనొక్కణ్నే. దసరా పోయినంక బాపుకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయినయి, మాట మాత్రం ఉన్నది. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న దగ్గరికి తోల్కపొమ్మని నన్నడిగిండు, నేను రానన్న. అప్పటి సంది నాతోని మాట్లాడుతలేడు. 'వాడు నాకు తలగొరివి పెట్టొద్దు, చిన్నోడే పెడ్తడు' అని పదిమందిల అన్నడట. చిన్నబాపు భూమిల పాలు రాదంటున్నడు. 'అన్న కిరస్తానీల్ల కలిసిండట గదా' అని చెల్లెకు వచ్చిన సంబంధం తప్పిపోయింది. వాట్సాప్ స్టేటస్‌ల విగ్రహాల గురించి వాక్యాలు పెడ్తే చుట్టాలంత బ్లాక్ చేసిండ్రు. మా పాస్టర్ గారేమో పాదధూళి దులుపుకొని రమ్మంటున్నరు. అంత దేవుని చేతిల ఉంటే నాకే ఎందుకక్కా ఇదంత? నిద్ర పడ్తలేదు. ఊరిడిసిపెట్టాల్నా?"

తమ్మీ, నీ సంగతి కంటే ముందు మీ బాపు సంగతి మాట్లాడుకుందం, ఏమనుకోకు. దసరా దాంక పత్తి చేన్ల తిరిగిన మనిషి, ఇయ్యాల ఒంటికి పోవాలన్నా ఇంకొకరి భుజం కావాలె, ఆ సిగ్గు ఎంతుంటదో ఆలోచించు, గసొంటి మనిషి ఇంట్ల చిన్నోడు ఉండంగ, తమ్ముడు ఉండంగ, పెద్దకొడుకువని నిన్నే అడిగిండు. ఆయన గుడి అడిగిండని నువ్వనుకున్నవు, నాకైతే ఆయన నీ చెయ్యి అడిగిండని అనిపిస్తున్నది. నువ్వు రానన్నది గుడికి, ఆయనకు వినపడ్డది మాత్రం "నీ చెయ్యి పట్టుకోను" అని.

బైబిల్ల రెండవ రాజులు 5వ అధ్యాయం ఇయ్యాల రాత్రి మళ్ళొక్కసారి చదువు. నయమాను అరాము రాజు సేనాధిపతి, కుష్టు పోయినంక ఇగ యెహోవాకు తప్ప ఎవ్వరికి బలి ఇయ్యనని ఒట్టు పెట్టుకుంటడు, వెంటనే ఎలీషా ప్రవక్తను ఒక్క మాట అడుగుతడు, మా రాజు రిమ్మోను గుడిల మొక్కెటప్పుడు నా చెయ్యి మీద ఆనుకుంటడు, ఆయనతోని నేను గూడ వంగుడైతది, దేవుడు నన్ను క్షమిస్తడా అని. ఎలీషా ఆయనకు క్లాసు పీకలే, నెమ్మదిగ పోయి రమ్మన్నడు, అంతే. నేనీ కథ చిన్నప్పటి సంది విన్న గని "చెయ్యి మీద ఆనుకుంటడు" అన్న మాట దగ్గర ఎన్నడు ఆగలే, నీ ఉత్తరం చదివినంక ఆగిన. మీ బాపుకు గూడ ఆనుకోనీకె ఒక చెయ్యే కావాలె. నువ్వు మొక్కనక్కర లేదు, బండారి పెట్టుకోనక్కర లేదు, ఆ మాట ముందే మర్యాదగ చెప్పొచ్చు. దీన్ని విశ్వాసులందరు ఒక్క తీరుగ చూడరు, నీ మనసాక్షి లోపలికి పోవద్దంటే పోకు, కారు మాట్లాడి గుడి దాంక తోల్కపో, లోపలికి తమ్ముడు పట్టుకపోతడు, నువ్వు బయట చెప్పుల కాడ నిలబడు. జాతర ఉగాది దాంక నడుస్తది గదా, ఇంక టైమున్నది.

పాస్టర్ గారి మాట గురించి. ఆయన మీద గౌరవంతోనే చెప్తున్న, పాదధూళి దులుపుమన్న మాట సువార్త చెప్పనీకె పోయినప్పుడు చేర్చుకోని ఇండ్ల గురించి చెప్పింది, కన్న తండ్రి మంచం గురించి చెప్పింది కాదు. తల్లిదండ్రులకు పెట్టాల్సింది "దేవునికి ఇచ్చేసిన, కొర్బాను" అని ఎగ్గొట్టెటోళ్లను మార్కు 7ల యేసు ఎట్ల గద్దించిండో చూడు. సిలువ మీద ఉండి గూడ అమ్మను ఒకరి చేతిల పెట్టి పోయిండాయన. అందుకే పక్షవాతంతోని పడ్డ తండ్రిని ఇడిసిపెట్టి వచ్చుడు విశ్వాసం అని నేననలేను తమ్మీ.

ఇగ నువ్వు అసలు అడిగింది. అంత దేవుని చేతిల ఉంటే ఇదంత ఎందుకు?

యోసేపు కథ నీకు తెలుసు, సండే స్కూల్ పిల్లలకు గూడ తెలుసు, కానీ లెక్కల సార్‌వి గదా, జర లెక్క పెట్టు. 17 ఏండ్లప్పుడు అన్నలు అమ్మేసిండ్రు, 30 ఏండ్లకు ఐగుప్తు రాజు ఫరో ముందట నిలబడ్డడు, అంటే 13 ఏండ్లు. అందుల జైల్ల ఆయనతోని కలకు అర్థం చెప్పించుకున్న మనిషి బయటికి పోయి మర్సిపోతే రెండేండ్లు వట్టిగ పోయినయి. తర్వాత ఏడు పంట ఏండ్లు, రెండు కరువు ఏండ్లు, అప్పుడు గని అన్నల ముందట "నేను యోసేపును" అని ఏడ్వలేదు. 22 ఏండ్లైతది. ఈ 22 ఏండ్లల్ల ఏ ఒక్క రోజు గూడ దేవుడు ఆయనకు కనపడి "ఇట్ల జరుగుతది, భయపడకు" అని చెప్పినట్టు ఆ కథల రాసి లేదు, యెహోవా అతనికి తోడై ఉండెను అని మాత్రం రాసి ఉన్నది, అది గూడ రాసినోళ్లకు తెలిసింది, గుంటల ఉన్నోడికి ఎంత తెలిసిందో మనకు తెల్వది. మనం అందరం నోటికి చెప్పే మాట ఉన్నది గదా, మీరు కీడు తలపెట్టిండ్రు గని దేవుడు మేలుకు తలపెట్టిండు అని, అది యోసేపు ఎప్పుడన్నడు? తండ్రి చచ్చిపోయినంక. యాకోబు శవానికి సుగంధద్రవ్యాలు పూయిచ్చి, ఐగుప్తోళ్లు 70 రోజులు ఏడ్సినంక, తండ్రి అడిగిన చోటికి కనాను దాంక మోసుకపోయి సమాధి చేసి వచ్చినంక. అంటే ఈ మాట ఆయన నోటితోని చెప్పేముందట తండ్రి చివరి కోరిక తీర్చిండు. నీకు ఈ వరుస ముఖ్యం. నువ్వు అర్థం ముందు కావాలె, సేవ తర్వాత చేస్త అంటున్నవు.

నా సంగతొకటి చెప్త. నేను 1991ల బాప్తిస్మం తీసుకున్న, మా బాపు తొమ్మిదేండ్లు నాతోని మాట్లాడలే. నా పెండ్లికి రాలే, కొడుకు పుడ్తే రాలే. అమ్మ మాత్రం రెండు మూడు నెలలకొకసారి బస్సెక్కి హన్మకొండ వచ్చేది, తొక్కు సీసా, కారం, ఇన్ని పెసర్లు మూటగట్టుకొని, "మీ బాపుకు చెప్పకుంట వచ్చిన, జల్ది పోవాలె" అని చాయ తాగి పోయేది. నేను దర్వాజ ఏసుకొని ప్రార్థనల ఏడ్సేదాన్ని, ప్రభువా ఒక్కసారి ఆయన మనసు కదిలించు, ఒక్కసారి చాలు అని. తొమ్మిదేండ్లు అదే ప్రార్థన. తర్వాత మాట్లాడిండు, కొంచెం కొంచెం, చచ్చిపోయెదాంక మల్లన్ననే మొక్కిండు, దేవుణ్ని నమ్ముకోలే. ఆయన దినాల నాడు మా ఇంటెనుక పాలు పోసే ముసలాయన వచ్చి కూసోని చెప్పిండు, "బిడ్డా, మీ అమ్మను సైకిల్ మీద బస్టాండ్ల దించేది మీ బాపే, టికెట్ పైసలు ఆయనే ఇచ్చేది, నాకు ఎరుకైనట్టు బిడ్డకు చెప్పకు అనేటోడు" అని. తొక్కు సీసా మూత మీద గుడ్డ గట్టి సుతిల్ తాడుతోని బిగించేది గూడ ఆయనేనట, కారకుంట. నేను దేవుడు వినలేదనుకున్న తొమ్మిదేండ్లు జవాబు నా వంటింట్ల అల్మారిల ఉన్నది, నేను రోజు అన్నంల కలుపుకొని తిన్న.

మీ బాపు గూడ గిట్లనే చేస్తున్నడు అని నేను చెప్తలేను, నాకు తెల్వది. మారుతడని గూడ మాట ఇయ్యను, మా బాపు మారలే, ఆ బాధ నాకు ఇయ్యాల్టికి ఉన్నది, దాన్ని దేవుని కాడనే పెట్టిన. నేను చెప్పేదొక్కటే, దేవుడు పని చేస్తున్నడా లేదా అన్నది నీకు కనపడే దాన్ని బట్టి లెక్క కట్టకు. ఎదిరించెటోళ్ల చేతులతోని గూడ ఆయన పని చేస్తడు, వాళ్లకు గూడ తెల్వకుంట. అందుకే నువ్వు ఈ కొట్లాట గెలవాల్సిన పని లేదు. బాపుతోని వాదించి ఒప్పియ్యాల్సిన పని అసలుకే లేదు.

స్టేటస్‌ల సంగతి మాత్రం నిన్ను కొంచెం గట్టిగనే అంట, అక్కననుకో. మీ అమ్మ పొద్దున లేసి మొక్కే దేవుళ్ల గురించి నువ్వు ఫోన్ల రాస్తే, అది చూసి వాళ్లు మండిపడ్తే, దాన్ని క్రీస్తు కోసం శ్రమ అనకు. క్రైస్తవుడైనందుకు బాధపడుడు వేరు, పరుల జోలికి పోయి బాధపడుడు వేరని పేతురు తన మొదటి పత్రిక 4వ అధ్యాయంల విడదీసి చెప్పిండు. నీకు వచ్చిన బాధల్ల ఏది ఏ గంపలదో నువ్వే వేరు చెయ్యి. ఆ స్టేటస్‌లు తీసెయ్, చుట్టాలల్ల పెద్దోళ్లకు ఒక్కొక్కరికి ఫోన్ చేసి "నేనట్ల పెట్టుడు తప్పు, విశ్వాసం మాత్రం నా మనసుల మాట" అని చెప్పు.

"పైసలకు మారిండు" అని ఊర్ల అంటే గూడ కొట్లాడకు. ఆ మాట వెనుక మన దిక్కు పాత కథలున్నయి, మెదక్ చర్చి 1914 నుంచి 1924 దాంక కట్టిండ్రు, కరువు రోజుల్ల పని చేసినోళ్లకు తిండి పెట్టిండ్రు, ఆకలి తీర్చిన పని అది, కానీ బువ్వ కోసం కలిసిండ్రన్న మాట అప్పటి సంది జనం నోట్లనే ఉన్నది. "మన దేశం దేవుడు కాదు" అన్నోళ్లతోని గూడ వాదన వద్దు, వీలైతే ఒకసారి డోర్నకల్ పోయి ఆ చర్చి చూసి రా, అది కట్టిపిచ్చిన అజరయ్య గారు మన దేశంల మొట్టమొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్, 1912ల అయిండు, 1939ల పూర్తైన ఆ కట్టడంల మన గుళ్ల స్తంభాలు, మసీదు గుమ్మటాలు రెండు కనపడ్తయి. అది చూసినంక నీకు గూడ ధైర్యమొస్తది, యేసును నమ్ముకున్నంత మాత్రాన నువ్వు ఈ మట్టికి పరాయోనివి కాలేదని.

తలగొరివి. ఈ మాట నిన్ను లోపల కోసేసిందని నాకు తెలుసు, ఉత్తరంల ఆ ఒక్క లైన్ కాడ నువ్వు పేరా గూడ మార్చలే, అట్లనే దాటేసినవు. తండ్రి బతికి ఉండంగనే ఈ మాట కూసోని మాట్లాడుకోవాలె తమ్మీ, ఆ రోజు వచ్చినంక ఇంటి ముందట కుల పెద్దల నడుమ కొట్లాట కాకుంట. తమ్ముణ్ని పక్కకు పిలిచి చెప్పు, "కుండ నువ్వు పట్టు, పిట్టకు నువ్వు పెట్టు, పాడె ముందటి కొస నేను మోస్త, రాత్రంత శవం కాడ నేను కూసుంట, ఖర్చు సగం నాది" అని. బాపుకు గూడ చెప్పు, ఆయన ఇనకుంట మొఖం అటు తిప్పుకున్నా చెప్పు. నీ చేతుల మీద పోవాలని ఉన్నందుకే ఆయన ఆ మాట పదిమందిల అన్నడు, లేకుంటే తలగొరివి ముచ్చట ఇప్పుడు ఎందుకు తీస్తడు.

భూమి ముచ్చట మీద ఎక్కువ నిద్ర పాడు చేసుకోకు. మతం మారినంత మాత్రాన చట్టం ప్రకారం నీ వారసత్వం పోదు, కాకపోతే బాపు సొంతంగ సంపాదించిన భూమైతే ఆయన ఇష్టమొచ్చినోళ్లకు రాసియ్యొచ్చు, రేపు నీకు పుట్టే పిల్లల విషయంల గూడ చట్టం జర వేరే తీరుగ ఉన్నది, ఒక మంచి వకీలును కలిసి కాగితాలు చూపెట్టు. రాజ్యాంగం 25వ ఆర్టికల్ మనకు నచ్చిన విశ్వాసం ఉంచుకొనే హక్కు ఇచ్చింది. ఎవరన్న మీద చెయ్యేస్తే, ఇంట్లకు రానీయమని బెదిరిస్తే 112కు ఫోన్ చెయ్, పౌలంతటోడే కొరడా దెబ్బలు తప్పించుకోనీకె నేను రోమా పౌరుణ్ని అని హక్కు అడిగిండు, అది అవిశ్వాసం కాలే. చెల్లె సంబంధం సంగతి చెల్లెనే అడుగు, ఆమె నీ మీద కోపంగ ఉన్నదో, ఆ సంబంధం తప్పినందుకు లోపల సంబురంగనే ఉన్నదో నీకు తెల్వదు, పక్కన కూసొని అడిగినవా ఎన్నడన్న?

నిద్ర పట్టకుండుడు రెండు వారాలు దాటితే మాత్రం ఊరుకోకు, 14416కు ఫోన్ చెయ్, టెలీ మానస్ అంటరు, తెలుగుల మాట్లాడ్తరు, పైసలు లేవు. ప్రార్థన చేసుకుంట గూడ డాక్టర్‌ను కలవొచ్చు.

ఊరిడిసిపెట్టకు. హన్మకొండల ఉండు, ఉద్యోగం చెయ్, ఆదివారం ఆరాధన అయినంక పరకాల బస్సెక్కు. బైబిల్ చేతుల పట్టుకపోకు, సంచిల ఉండనీ. పక్షవాతం వచ్చినంక మొదటి ఆరు నెలలు ఎంత కసరత్తు చేపిస్తే అంత మంచిదని ఫిజియోథెరపీ వాళ్లు చెప్తరు, మీ బాపుకు ఇంకా ఆ టైమున్నది. వాళ్లను ఒకసారి కలిసి ఎట్ల చెయ్యాల్నో నేర్చుకో, పడిపోయిన చెయ్యిని భుజం కాడ పట్టి గుంజొద్దు, వేళ్లు ముడుసుకపోయి ఉంటయి, కొంచెం నూనె రాసి ఒక్కొక్క వేలు మెల్లగ సాపు చెయ్యాలె, బీపీ గోళీలు తప్పకుంట ఏసుకుంటున్నడో లేదో చూడాలె. ఆయన నీతోని మాట్లాడడు, గోడ దిక్కు చూస్తడు, చెయ్యి గుంజుకుందమన్నా ఆ చెయ్యి రాదు. నువ్వు పత్తి ఎంతకు పోయిందని అడుగు, మిర్చి ఏనుమాముల మార్కెట్‌కు ఎప్పుడు తీస్కపోతున్నరని అడుగు, జవాబు తమ్ముడు చెప్తడు, ఆయన ఇంటడు. పోయెటప్పుడు మల్లన్న కాడికి ఏ రోజు పోదం బాపూ అని అడుగు.